మరియమాత యాత్ర: అనంతపురం సీమలో మొక్కు, దారి, సంఘం

మరియమాత యాత్ర అంటే ఏసుక్రీస్తు తల్లి పేరిట వెలసిన పుణ్యక్షేత్రానికి కతోలిక క్రైస్తవులు మొక్కుకోవడానికో, మొక్కు తీర్చుకోవడానికో ఇల్లు కదిలి వెళ్లడం. 1983 నాటి కతోలిక సంఘ ధర్మశాస్త్రం తన 1230వ సూత్రంలో పుణ్యక్షేత్రాన్ని క్లుప్తంగా నిర్వచించింది: ప్రత్యేకమైన భక్తితో విశ్వాసులు పెద్ద సంఖ్యలో యాత్రగా వచ్చే చోటు, స్థానిక మేత్రాణుల (బిషప్పు) ఆమోదం పొందిన చోటు. ఈ నిర్వచనంలో దర్శనాల ఊసు గానీ అద్భుతాల ఊసు గానీ లేదు. ముందు జనం రావాలి, ఆ తర్వాత సంఘం ఒప్పుకోవాలి. అనంతపురం పీఠభూమి మీది కతోలికులు తరచుగా చెప్పుకునే మూడు మరియ క్షేత్రాలూ ఆ సీమ బయటే ఉన్నాయి: విజయవాడలోని గుణదల, తమిళనాడు తీరంలోని వేళాంకణ్ణి, బెంగళూరు శివాజీనగర్‌లోని సెయింట్ మేరీస్ బసిలికా. అందువల్ల ఈ సీమలో యాత్ర అంటే తప్పనిసరిగా దూరప్రయాణమే. ఈ యాత్రను అద్భుతాల కోణం నుంచి చూసేవారు దాని అంచును మాత్రమే చూస్తున్నారని ఈ వ్యాసం వాదన. ఇక్కడ యాత్రకు ప్రాణం మొక్కు. వాన మీద, బోరు మీద, అప్పు మీద ఆధారపడిన బతుకులో మనిషి దేవుడికి మాట ఇచ్చి, ఆ మాట నిలబెట్టుకోవడానికి ఊరు దాటి వెళ్లడం. ఆ క్రమంలోనే ఊరికి నాలుగిళ్లుగా చెదిరిపోయిన ఒక చిన్న సంఘం తానూ ఒక సంఘమేనని తెలుసుకుంటుంది.

వాదనకు ముందు నేల సంగతి చెప్పుకోవాలి. 1882లో బళ్లారి జిల్లా నుంచి విడదీసి అనంతపురం జిల్లాను ఏర్పాటు చేశారు. 2022లో పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా దాని నుంచి విడిపోయింది. పడమటి కనుమల వాన చాటున ఉండటంతో నైరుతి రుతుపవనం ఈ సీమకు సరిగా అందదు. తీరానికి దూరం కావడంతో ఈశాన్య రుతుపవనం కూడా ఇక్కడికి వచ్చేసరికి పలచబడిపోతుంది. ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దరిదాపు. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో జైసల్మేర్ తర్వాత దీని పేరే చెబుతారు. ధాత నామ సంవత్సరంలో మొదలైన 1876-78 మహాకరువు ఈ సీమను ఊడ్చేసింది. ఎర్రనేలల్లో వేరుశనగ, అంటే ఇక్కడివాళ్ల మాటలో బుడ్డలు, జూన్, జులై తొలకరికి విత్తుతారు. అక్టోబరు, నవంబరులో పీకుతారు. ఊడలు దిగే వేళ ఒక్క పదును తప్పితే ఆ ఏటి పంట పోయినట్టే. ఆ తర్వాత వలస. బెంగళూరు కట్టడం పనులకు కొందరు, గుంటూరు మిరప చేలకు సుగ్గి పనికి మరికొందరు. యాత్రల కాలాన్ని ఈ పంటల కాలంతో కలిపి చదివితేనే దాని అర్థం తెలుస్తుంది. గుణదల తిరునాళ్ల ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో వస్తుంది. అప్పటికి బుడ్డలు ఇంటికో అంగడికో చేరి ఉంటాయి. పంట మిగిలిందో అప్పు మిగిలిందో తేలిపోయి ఉంటుంది. మిరప కోతలకు కోస్తా పోయే దారి, గుణదల పోయే దారి ఆ నెలల్లో ఒకటే. వేళాంకణ్ణి, బెంగళూరు ఉత్సవాలు ఆగస్టు 29 నుంచి సెప్టెంబరు 8 వరకు జరుగుతాయి. అది చేను ఇంకా వాన కోసం చూస్తూ ఉండే కాలం. ఫిబ్రవరి యాత్ర ఎక్కువగా మొక్కు తీర్చే యాత్ర, సెప్టెంబరు యాత్ర ఎక్కువగా మొక్కుకునే యాత్ర అని దీన్నిబట్టి చెప్పడం సబబే అనుకుంటాను. సంఘ పంచాంగం ఈ తేదీలను ఇక్కడి రైతును చూసి పెట్టలేదు. పెట్టిన తేదీలకు ఇక్కడి రైతే తన అర్థం తాను కల్పించుకున్నాడు.

ఈ సీమలో కతోలిక విశ్వాసం నిన్నమొన్నటిది కాదు. 18వ శతాబ్దం మొదట్లో పుదుచ్చేరి కేంద్రంగా ఫ్రెంచి యేసు సభ (జెసూయిట్) గురువులు కర్ణాటక మిషన్ అనే పేరుతో తెలుగు నేల మీదికి వచ్చారు. పుంగనూరు మీదుగా ఎగువకు సాగి కృష్ణాపురం, ధర్మవరం, మదిగుబ్బ ప్రాంతాల్లో చిన్న చిన్న సంఘాలు నిలిపారు. వారిలో ఎతియెన్ లె గాక్ కృష్ణాపురం, చిన్నబళ్లాపురం వైపు నుంచి రాసిన ఉత్తరాలు పారిస్‌లో అచ్చయ్యాయి. వైష్ణవ దాసరుల ప్రతిఘటన, స్థానిక పాలెగాళ్ల మనసు మారే తీరు, కరువు, దండుల రాకపోకలు వాటిలో కనిపిస్తాయి. ఆ గురువులు కావి కట్టి, మాంసం మాని, సన్న్యాసుల పద్ధతిలో బతికారు. ఆ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి వేదాంత రసాయనమనే క్రైస్తవ కావ్యాన్ని తెలుగులో రచించాడు. విశ్వాసం ప్రబంధ రూపంలోకి ఎంత తొందరగా ఇమిడిందో దాన్నిబట్టి ఊహించుకోవచ్చు. 1773లో పోపు యేసు సభనే రద్దు చేశాడు. పారిస్ విదేశీ మిషన్ గురువులు ఆ బాధ్యత తీసుకున్నా, ఇంత విశాలమైన సీమకు వారి సంఖ్య ఏమాత్రం చాలలేదు. కరువులకూ దండయాత్రలకూ తాళలేక కొన్ని రెడ్డి కతోలిక కుటుంబాలు తూర్పుకు, గుంటూరు సీమలోని ఫిరంగిపురం వైపు తరలిపోయాయి. 19వ శతాబ్దం చివరి పాదంలో మిల్ హిల్ గురువులు వచ్చేదాకా తెలుగు సంఘాల్లో చాలావాటికి గురువు ముఖం కనబడటమే అరుదు. 1928లో నెల్లూరు మేత్రాసనం (డయోసిస్), 1967లో దాని నుంచి కర్నూలు మేత్రాసనం ఏర్పడ్డాయి. అనంతపురం నేటికీ కర్నూలు మేత్రాసనంలోనే ఉంది.

ఈ చరిత్ర నుంచి ఒక ముఖ్యమైన సంగతి తేలుతుంది. గురువు లేని చోట దివ్యబలిపూజ ఉండదు, పాపసంకీర్తనం ఉండదు, సత్ప్రసాదం ఉండదు. ఉపదేశి ఉంటే జ్ఞానోపదేశం ఉంటుంది. అతడూ లేకపోతే మిగిలేవి మూడే: జపమాల, మొక్కు, ఏడాదికో రెండేళ్లకో ఎక్కడో ఒక గుడికి చేరుకోవడం. ఈ మూడింటికీ గురువు ఎదుట ఉండనక్కరలేదు, చదువు అక్కరలేదు, ఆడమనిషి కూడా తనంతట తాను చేయగలదు. పండితులు మరియ భక్తిని సామాన్యుల భక్తి అని కాస్త తక్కువ చేసి రాస్తుంటారు. గురువులు లేని తరాల గుండా సంఘాన్ని నడిపించింది ఆ సామాన్య భక్తే. దాన్ని కేవలం అలంకారంగా చూడటం చరిత్రకు అన్యాయం.

ఇక క్షేత్రాలు. గుణదల కథ 1924లో మొదలవుతుంది. అక్కడి సెయింట్ జోసెఫ్ సంస్థ అధిపతిగా ఉన్న ఇటలీ గురువు అర్లాటి కొండ వాలులోని ఒక గుహలో మరియమాత స్వరూపాన్ని నిలిపారు. ఫ్రాన్సులోని లూర్దు దానికి మాతృక. 1858 ఫిబ్రవరి 11 మొదలుకొని జులై దాకా లూర్దు గుహలో బెర్నదెత్ సుబిరూ అనే పేదింటి బాలికకు మరియమాత పద్దెనిమిది సార్లు కనిపించిందని సంఘం నమ్ముతుంది. గుణదల తిరునాళ్ల ఫిబ్రవరి 11న ముగియడానికి కారణం అదే. కొండ కింద గుడి, నడుమ గుహ, పైన సిలువ. సిలువ మార్గం ధ్యానిస్తూ జనం మెట్టుమెట్టునా ఆగి పైకెక్కుతారు. కిందికి వచ్చాక తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయలు కొడతారు, కొవ్వొత్తులు వెలిగిస్తారు. లక్షల్లో వచ్చే ఆ జనంలో క్రైస్తవేతరులూ పెద్ద సంఖ్యలోనే ఉంటారు. ఒక్క మాట ఇక్కడ గమనించాలి. గుణదలలో మరియమాత ఎవరికో కనిపించిందన్న కథ మీద ఈ క్షేత్రం నిలబడలేదు. ఒక గురువు ఒక స్వరూపం పెట్టాడు, జనం వచ్చారు, ఏటేటా పెరిగారు. ధర్మశాస్త్రపు నిర్వచనం అక్షరాలా అక్కడ నిజమైంది.

వేళాంకణ్ణి పుట్టుక దీనికి భిన్నం. పాలు పోయడానికి వెళ్తున్న బాలుడి దగ్గర బిడ్డతో ఉన్న తల్లి పాలు అడిగి తీసుకోవడం, మజ్జిగ అమ్మే కుంటి కుర్రవాడు లేచి నడవడం, తుఫానులో చిక్కిన పోర్చుగీసు నావికులు సెప్టెంబరు 8న, అంటే మరియమాత పుట్టినరోజున, ఒడ్డు చేరి గుడి కట్టడం అనే మూడు కథల మీద ఆ క్షేత్రం నిలిచింది. ఈ కథలను 16, 17 శతాబ్దాలకు చెందినవిగా చెబుతారు. 1962లో పోపు 23వ జాన్ దాన్ని బసిలికా స్థాయికి పెంచారు. అక్కడ మాత పేరు ఆరోగ్యమాత. భక్తులు కాషాయం కట్టి చెప్పులు లేకుండా నడిచి వస్తారు; కొందరు ఇసుక దారిలో మోకాళ్ల మీద సాగుతారు. బాగైన అవయవం రూపాన్ని వెండిలో చేయించి సమర్పిస్తారు. ఉత్సవ దినాల్లో తెలుగులోనూ పూజ జరుగుతుంది. అనంతపురం నుంచి ఆరు వందల కిలోమీటర్లకు అటూ ఇటూ ఉన్న ఆ తీరానికి వెళ్లడం చిన్న పనేమీ కాదు. బెంగళూరు మాత్రం దగ్గర. హిందూపురం నుంచి వంద కిలోమీటర్ల దరిదాపు. మడకశిర, హిందూపురం, పెనుకొండ వైపు నుంచి పనికి పోయినవాళ్లకు అది రోజూ కనిపించే ఊరు. శివాజీనగర్ గుడి 1882 సెప్టెంబరు 8న ప్రతిష్ఠ జరుపుకుంది. పోపు ఆరవ పౌలు కాలంలో బసిలికా అయింది. అక్కడ మాతకు చీర కడతారు. సెప్టెంబరు 8 సాయంకాలం తేరు కదులుతుంది. వలస కూలీకి ఆ యాత్ర కొత్త రకం యాత్ర: ఊరి నుంచి క్షేత్రానికి బదులు, పనిచోటు నుంచి క్షేత్రానికి.

మూడు చోట్లా ఉమ్మడిగా ఉన్నది మొక్కు. బిడ్డకు జబ్బు నయమైతే తలనీలాలు ఇస్తామని, బోరులో నీళ్లు పడితే ఇంటిల్లిపాదీ వస్తామని, కాన్పు సుఖంగా జరిగితే బిడ్డను ఎత్తుకొని మాత ముందు నిలబెడతామని అనుకుంటారు. సంఘ ధర్మశాస్త్రం 1191వ సూత్రంలో మొక్కును నిర్వచించింది: సాధ్యమైనదీ, మరింత మేలైనదీ అయిన ఒక పనిని గురించి బాగా ఆలోచించి, స్వేచ్ఛగా దేవుడికి చేసే వాగ్దానం. ఇందులో ప్రతి మాటా పట్టించుకోదగ్గదే. వాగ్దానం దేవుడికి, మరియమాత ఆ వాగ్దానానికి సాక్షి, మధ్యవర్తి. ఆలోచించి చేయాలి. సాధ్యమై ఉండాలి. ఊళ్లలో పెద్దలు ఎవరైనా ఆవేశపడి పెద్ద మొక్కు మొక్కబోతే ఆపి, తీర్చగలిగింది మొక్కమని చెప్పడం వాడుకే. ధర్మశాస్త్రం లాటిన్‌లో చెప్పిందీ, పెద్దమ్మ అరుగు మీద చెప్పిందీ ఒకే మాట.

అద్భుతాల కోసమే జనం వెళతారన్న వాదానికి లూర్దు లెక్కలే మంచి సమాధానం. 1883 నుంచి అక్కడ వైద్య విభాగం ఉంది. నయమైందని చెప్పుకున్న కేసులు ఏడు వేల దాకా నమోదయ్యాయి. వాటిలో సంఘం అద్భుతాలుగా ప్రకటించినవి డెబ్బైకి కాస్త పైన మాత్రమే. ఆ గుహకు ఏటా లక్షల మంది వెళుతున్నారు. వాళ్లంతా అద్భుతం కోసమే వెళ్లి ఉంటే ఇన్నేళ్ల నిరాశ తర్వాత ఆ క్షేత్రం ఎప్పుడో ఖాళీ అయిపోయేది. రోగం నయం కాని మనిషి కూడా మళ్లీ వెళుతున్నాడంటే అతనికి అక్కడ దొరుకుతున్నది వేరే ఏదో ఉంది. అనంతపురం సీమలో ఇది మరీ స్పష్టం. వాన కోసం మొక్కిన ప్రతి ఏడూ వాన పడలేదు. అయినా మొక్కు ఆగలేదు. మొక్కు బేరమే అయితే సరుకు అందని బేరాన్ని రైతు మళ్లీ చేయడు. అతను మొక్కుతో తన కష్టానికి ఒక హద్దు గీసుకుంటాడు: ఇంతవరకు నా చేతిలో ఉంది, ఇక్కడి నుంచి లేదు. ఆ హద్దు గీసుకున్నవాడు తన చేతిలో ఉన్న పనిని వదలడు.

ఇప్పుడు అభ్యంతరాలు. మొదటిది చాలా పాతది, కతోలిక సంఘం లోపలి నుంచే వచ్చింది: తలనీలాలు, కొబ్బరికాయలు, కాషాయం, తేరు ఇవన్నీ హైందవాచారాలే గదా, సిలువ పెట్టిన జాతరను యాత్ర అనవచ్చా? ఈ అభ్యంతరాన్ని అందరికంటే గట్టిగా చెప్పినవారిలో అబ్బే దుబువా ఒకరు. 1792 నుంచి 1823 దాకా దక్షిణ భారతంలో, ఎక్కువకాలం మైసూరు సీమలో పనిచేసిన ఆ ఫ్రెంచి గురువు, క్రైస్తవుల రాత్రి ఊరేగింపులు, తప్పెట్లు, తేర్లు చూసి ఇవి పక్కనున్నవాళ్ల ఉత్సవాలకు నకళ్లని సిగ్గుపడుతూ రాశాడు. అయితే నేడు శివాజీనగర్‌లో బసిలికా ఉన్న చోట తొలి చిన్న ప్రార్థనాలయం కట్టించినవాడుగా చెప్పుకునేదీ ఆయన పేరే. ఆయనకు నచ్చని తేరే ఆయన నాటిన చోట నేటికీ తిరుగుతోంది.

ఈ చర్చ మూలాలు దుబువా కంటే ఇంకా వెనక్కి పోతాయి. 1704లో పోపు దూత తుర్నోన్ పుదుచ్చేరిలో ఒక శాసనం వెలువరించి, మధుర, మైసూరు, కర్ణాటక మిషన్లలో క్రైస్తవులు పాటిస్తున్న అనేక ఆచారాలను నిషేధించాడు. పెళ్లిలో శకునం చూడటానికి కొబ్బరికాయ కొట్టడం ఆ నిషేధాల్లో ఒకటి. కృష్ణాపురం గురువులూ ఆ శాసనానికి లోబడినవాళ్లే. 1744లో పోపు 14వ బెనెడిక్ట్ దాన్ని ఖాయం చేశాడు. మిషనరీలు ప్రమాణం చేసి మరీ దాన్ని పాటించాల్సి వచ్చింది. ఆ ప్రమాణం 1940 దాకా తొలగలేదు. రెండవ వాటికన్ మహాసభ తర్వాత 1969లో భారతీయ మేత్రాణులు కోరిన పన్నెండు మార్పులను రోము ఆమోదించింది: అంజలి ఘటించడం, నూనె దీపం, హారతి వంటివి పూజలోకే వచ్చాయి. రెండు శతాబ్దాలకు పైగా నిషేధం ఉన్నా జనం కొబ్బరికాయ మరచిపోలేదు. శకునం విడిచిపెట్టి, కాయను కానుకగా నిలుపుకున్నారు. ఆ మార్పు ఏ శాసనమూ తేలేదు. ఆచారపు రూపం ఒకటిగానే ఉండి దాని గురి మారడం మతచరిత్రలో కొత్త విషయమేమీ కాదు; ఐరోపాలో క్రిస్మస్ చెట్టు కథా అలాంటిదే.

దీనికి అనంతపురం సీమ ఇచ్చే సాక్ష్యం ఇంకా బలమైనది. నార్పల మండలంలోని గూగూడులో మొహర్రం నాడు కుళ్లాయిస్వామి పీర్ల దగ్గరకు వచ్చేవారిలో హిందువులే ఎక్కువ. అఫ్సర్ మహమ్మద్ 2013లో వెలువరించిన ఆంగ్ల గ్రంథం ఆ పండుగ మీదిదే. పెనుకొండ బాబయ్య దర్గాలో, కదిరి నరసింహస్వామి తేరులో కనిపించేదీ ఇలాంటి కలగలుపే. మొక్కు ఈ సీమలో ఏ ఒక్క మతానికీ సొంత ఆస్తి కాదు. అది అందరికీ తెలిసిన వాక్యనిర్మాణం. ఎవరి ప్రార్థన వారు అందులో పలుకుతారు. కతోలికుడు అదే వాక్యంలో తన విశ్వాసాన్ని పలికినప్పుడు అరువు తెచ్చుకున్నాడనడం పొరపాటు. తన భాష తాను మాట్లాడుతున్నాడంతే. ఈ జవాబుకు ఒక హద్దు ఉందని ఒప్పుకోవాలి. కొబ్బరికాయ కొట్టి, నీలాలు ఇచ్చి, గుడిలో అడుగు పెట్టకుండా తిరిగి బండెక్కేవాడు యాత్ర సగమే చేశాడు. 2001లో రోము ప్రకటించిన ప్రజాభక్తి మార్గదర్శిని యాత్రకు పశ్చాత్తాపం, పూజ కేంద్రాలని గుర్తు చేసేది ఇందుకే. గుణదలలో తిరునాళ్ల రోజుల్లో పాపసంకీర్తనాలు వినడానికి గురువులు బారులు తీరి కూర్చోవడం ఆ కేంద్రాన్ని నిలిపే పని.

రెండో అభ్యంతరం పక్కింటి క్రైస్తవుడిది. 19వ శతాబ్దంలో ప్రొటెస్టంట్లదైన లండన్ మిషన్ గుత్తి, అనంతపురం కేంద్రాలుగా వేళ్లూనింది. ఆ సంఘాలే 1947లో దక్షిణ ఇండియా సంఘంలో చేరాయి. వాళ్ల ప్రశ్న సూటిగా ఉంటుంది: క్రీస్తు ఒక్కడే మధ్యవర్తి అని బైబిలు చెబుతుంటే తల్లి దగ్గరికి ఎందుకు పోవాలి? ప్రశ్న న్యాయమైనది. కతోలిక సంఘం దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. రెండవ వాటికన్ మహాసభ మరియమాతకు విడి పత్రం పెట్టకుండా, 1964లో సంఘాన్ని గురించి వెలువరించిన పత్రంలోనే ఎనిమిదో అధ్యాయంగా ఆమెను చేర్చింది. ఆమె మధ్యవర్తిత్వం క్రీస్తు మధ్యవర్తిత్వం నుంచి పుట్టినదేనని, దాన్ని మరుగుపరచదని చెప్పింది. పోపు ఆరవ పౌలు 1974 పత్రం కూడా గుడ్డి నమ్మకాన్ని, లాభాపేక్ష భక్తిని హెచ్చరించింది. బైబిలులోని కానా పెళ్లింట మరియ కుమారుడికి చెప్పింది ఒక కొరత సంగతి, పనివాళ్లకు చెప్పింది ఆయన మాట వినమని. కరువు సీమలో ఆ ఘట్టం అర్థం కావడానికి వ్యాఖ్యానం అక్కరలేదు. అయినా పక్కింటివాళ్ల ప్రశ్న ఉండటం మంచిదే. అది ఉన్నంతకాలం ఇక్కడి గురువులు మరియమాత గురించి అదుపు తప్పి మాట్లాడలేరు.

మూడోది ఖర్చు. పంట పోయి, బోరు ఎండి, వడ్డీ పెరుగుతుంటే ఐదు వందల కిలోమీటర్ల దూరంలోని గుణదలకు కుటుంబమంతా పోవడం తగునా? నా మట్టుకు దీనికి మించిన బరువైన అభ్యంతరం లేదు. అప్పు చేసి యాత్రకు పోవడం ఈ సీమలో తెలియని విషయం కాదు. భక్తి పేరు చెప్పి దాన్ని సమర్థించడం తప్పు. సమాధానం ధర్మశాస్త్రంలోనే ఉంది. మొక్కిన మనిషే ఆ మొక్కును దానితో సమానమైన లేదా మరింత మేలైన పనిగా మార్చుకోవచ్చని 1197వ సూత్రం చెబుతోంది. విచారణ గురువు సరైన కారణంతో మొక్కు నుంచి విడుదల కూడా ఇవ్వగలడని 1196వ సూత్రం అంటోంది. కాబట్టి ఈ ఏడు గుణదల పోలేనివాడు ఊరి గుడిలోని గుహ ముందు తొమ్మిది రోజుల ప్రార్థన చేసి మాట నిలబెట్టుకోవచ్చు. ఈ సంగతి చాలామంది భక్తులకు తెలియదు. తెలియజెప్పడం విచారణ గురువుల బాధ్యత. ప్రతి ఆగస్టులో, ప్రతి జనవరిలో ప్రసంగ వేదిక మీది నుంచి ఒక్కసారి చెబితే కొన్ని అప్పులైనా ఆగుతాయి. మరోవైపు చూస్తే, ఆ ఖర్చునంతా వ్యర్థమని కొట్టిపారేసేవారు ఏడాదంతా చేను, ఇల్లు తప్ప మరోచోటు ఎరుగని ఒక కూలి మనిషికి, ముఖ్యంగా ఆడమనిషికి, మూడు రోజుల ప్రయాణం ఏమిటో లెక్క వేయడం లేదు. ఉన్నవాడు చేసే విహారయాత్రకు మనం లెక్కలు అడగం.

చివరిది కులం. విక్టర్, ఎడిత్ టర్నర్ దంపతులు 1978లో క్రైస్తవ యాత్రల మీద రాసిన పుస్తకంలో, యాత్రలో మనుషులు హోదాలు విడిచి సమానులవుతారని సిద్ధాంతం చేశారు. తెలుగు నేల మీద దీన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకోలేం. యాత్రికులు బంధువులతో, తమ వాడవాళ్లతో కలిసి వస్తారు. బండిలో ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారో, ఎవరి వంట ఎవరు తింటారో ఊళ్లో ఉన్నట్టే ఉంటుంది. ఇది ఈనాటి తెగులు కాదు. 1704 శాసనమే దళిత క్రైస్తవులు జబ్బుపడితే గురువులు వాళ్ల ఇళ్లకు వెళ్లి సంస్కారాలు ఇవ్వాలని ఆదేశించాల్సి వచ్చింది. 1744లో వాళ్ల కోసం విడిగా గురువులను నియమించే ఏర్పాటుకు రోము ఒప్పుకుంది. అంటే అంటరానితనాన్ని ఎదుర్కోవడానికి బదులు దానికి దారి ఇచ్చింది. ఆ మచ్చ కర్ణాటక మిషన్ చరిత్రలో ఉంది, దాన్ని కప్పిపుచ్చకూడదు. అయినా క్షేత్రంలో ఒక సంగతి జరుగుతుంది, అది మాత్రం ఊళ్లో జరగదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి షెడ్యూల్డ్ కులపు హోదా లేదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చిన వెసులుబాటు క్రైస్తవులకు రాలేదు. దాంతో చాలామంది కాగితం మీద ఒకటి, ఇంట్లో ఒకటిగా బతుకుతున్నారు. 2011 జనగణన ప్రకారం అనంతపురం జిల్లాలో క్రైస్తవులు నూటికి ఒక్కరు కూడా లేకపోవడానికి ఇది కొంత కారణం. ఆ లెక్కలో లేని మనుషులు ఫిబ్రవరి 11న గుణదల కొండ మీద, జపమాల చేతబట్టి, అందరూ చూస్తుండగా నిలబడతారు. 2008 నుంచి 2020 దాకా కర్నూలు మేత్రాణులుగా అనంతపురం విచారణలనూ పాలించిన పూల అంతోని 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యారు. ఆ పదవి పొందిన తొలి దళితుడు, తొలి తెలుగువాడు ఆయనే. తిరునాళ్ల పూజలో పీఠం దగ్గర నిలబడేవాడి వాడ ఏదో కింద ఉన్న జనానికి తెలుసు. మరుసటి వారం ఊళ్లో అదే పూజకు వచ్చేవాళ్లు ఒకే బల్ల మీద కూర్చుంటారా లేదా అన్నది మాత్రం క్షేత్రం తేల్చలేదు. ప్రతి విచారణ తనకు తానే తేల్చుకోవాల్సిన విషయం అది.